ఆ గడి ఖాళీగానే పంపుతున్నాను: సౌందర్య ప్రకటనలు రాసేవాళ్లకు బహిరంగ లేఖ

సౌందర్య సాధనాల ప్రకటనలు రాసేవాళ్లకు, రాయించేవాళ్లకు,

నమస్కారం.

నేను మీకు తెలియను. నా వాక్యాలు మాత్రం మీ ట్యూబుల వెనక, డబ్బాల మూతల మీద, ముప్పై సెకన్ల టీవీ ప్రకటనల్లో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాయి. మీరు రాసి పంపినదాన్ని తెలుగు చేయడం నా పని. ఎక్సెల్ షీట్‌లో ఎడమ గడిలో మీ వాక్యం, కుడి గడిలో నాది, మాటకు ఇంత అని లెక్క. అనువాదకురాలి పేరు ఎక్కడా ఉండదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ జవాబు చెప్పుకోవాల్సిన పని పడలేదు. ఈ ఉత్తరంలో మిమ్మల్ని అనబోయే ప్రతి మాటలోనూ నా వాటా నాకుంది. అది ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలికవుతుందని మొదట్లోనే రాస్తున్నాను.

"నిర్జీవమైన జుట్టు" అని ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. ఒకరోజు రాస్తూ రాస్తూ ఆగి నవ్వుకున్నాను. ఎవరి జుట్టయినా నిర్జీవమే. చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుకలో బతికున్న కణం ఒక్కటీ ఉండదు, అందుకే కత్తిరించినా నొప్పి తెలియదు. ఏ షాంపూ పోసినా దానికి ప్రాణం రాదు. "తెరుచుకున్న రోమకూపాలు" అనేది ఇంకో ఆణిముత్యం. రోమకూపాలకు తలుపులు లేవు, తెరవడానికీ మూయడానికీ. "అలసిన చర్మం", "కాంతి కోల్పోయిన ముఖం", "వయసు బయటపెట్టే చేతులు"... చేతుల్లో వయసు కనబడటం ఎప్పటినుంచి తప్పయిందని నేనెప్పుడూ అడగలేదు. సాయంత్రం ఆరింటికల్లా షీట్ పంపాలి, అంతే.

విడివిడిగా చూస్తే ఇవి చిన్న మాటలే. అద్దం ముందు నిలబడ్డ పదిహేనేళ్ల పిల్ల చెవిన పడితే మాత్రం, జుట్టు గురించో చర్మం గురించో చెప్పినట్టుండవు. ఆ పిల్ల గురించే చెప్పినట్టుంటాయి. మీకిది తెలియక కాదు. మీ వృత్తిలో కిటుకే అది. ముందు లోపానికి ఒక పేరు పెట్టాలి, ఆ తర్వాతే మందు అమ్మాలి.

ఈ కిటుకు వందేళ్ల పాతది. అమెరికాలోని సిన్సినాటిలో ఒక సర్జన్ ఉండేవాడు. ఆపరేషన్ చేసేటప్పుడు చేతులకు చెమట పట్టకుండా ఒక ద్రావణం తయారు చేసుకున్నాడు. ఆయన కూతురు ఎడ్నా మర్ఫీ దాన్ని చంకల్లో పూసుకుని చూసింది. పనిచేసింది. ఓడొరోనో అని పేరు పెట్టి 1910ల మొదట్లో అమ్మకానికి పెట్టింది. చెమటతో ఇబ్బంది పడేవాళ్లకు అదొక సదుపాయం, అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. కానీ చాలామంది ఆడవాళ్లు అది తమకు అవసరం లేదనుకున్నారు. అప్పుడు జె. వాల్టర్ థాంప్సన్ ఏజెన్సీలో జేమ్స్ యంగ్ అనే కాపీ రచయిత 1919లో ఒక ప్రకటన రాశాడు. నీ దగ్గర వాసన వస్తోంది, ఆ సంగతి నీకు తెలియదు, తెలిసినవాళ్లు నీకు చెప్పరు, మగవాడు నీకు దూరం జరుగుతాడు అని దాని సారాంశం. అది అచ్చయిన మహిళా పత్రికకు సుమారు 200 మంది పాఠకులు చందా మానేశారు. మరుసటి ఏడాదికల్లా ఓడొరోనో అమ్మకాలు రెట్టింపు దాటాయి.

చందా మానేసిన ఆ 200 మంది గురించి నేను అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను. వాళ్లలో ఎంతమంది ఆ తర్వాత గుట్టుగా ఒక సీసా కొనుక్కుని ఉంటారు? వాళ్లను తప్పుపట్టడానికి అడగడం లేదు. అవమానం అలాగే పనిచేస్తుంది. తిట్టినవాడి మీద కోపం వస్తుంది, ఆ రాత్రి మాత్రం మన చంక మనమే వాసన చూసుకుంటాం.

1968 సంగతి కాస్త తీరిగ్గా చెప్పాలి. ఆ ఒక్క ఏడాదిలో మీ కథంతా ఉంది.

ఆ ఏప్రిల్‌లో అమెరికా వోగ్ పత్రిక "సెల్యులైట్" అనే ఫ్రెంచి మాటను తన పాఠకులకు పరిచయం చేసింది. తొడల మీద, పిరుదుల మీద చర్మం కాస్త గుంటలు గుంటలుగా కనబడటం. ఈడొచ్చిన ఆడవాళ్లలో నూటికి ఎనభై, తొంభై మందికి ఉండేదే. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఉన్నదాన్ని లోపం అనాలంటే మిగిలిన ఆ ఒకరిద్దరినే మామూలు మనుషులుగా లెక్కేయాలి. ఆ లెక్కే వేశారు. క్రీములు, మర్దన యంత్రాలు, వ్యాయామాలు, ఇంజెక్షన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

ఆ మాట నా షీట్‌లోకి వచ్చినరోజు నాకు బాగా గుర్తు. తెలుగులో దానికి పేరు లేదు. ఎవరికీ అవసరం పడలేదు, పుట్టలేదు. "తొడలపై గుంటలు పడినట్టుండే చర్మం" అని రాసి పంపాను. పొడవైందని వెనక్కి వచ్చింది. "సెల్యులైట్" అని తెలుగు అక్షరాల్లో రాసి పంపాను, వెంటనే ఓకే అయింది. పేపర్లలో పుట్టినవారి, పోయినవారి వివరాలు వేస్తారు కదా, అలా భాషలోకి కొత్తగా దిగిన జబ్బుల వివరాలు కూడా ఎవరైనా వేస్తే ఆ ఒక్కటి నా పేరు మీద ఉండాలి.

అదే 1968లో, జులైలో, ఆడవాళ్ల కోసమే అంటూ వర్జీనియా స్లిమ్స్ అనే సిగరెట్ వచ్చింది. "ఎంత దూరం వచ్చేశావమ్మాయ్" అని దాని నినాదం. పాతకాలంలో సిగరెట్ తాగినందుకు మొగుడు శిక్షించిన ఆడది ఒక పక్క, నవ్వుతూ సిగరెట్ పట్టుకున్న కొత్త ఆడది ఇంకో పక్క. ఓటు హక్కు కోసం జైలుకెళ్లినవాళ్ల దూరాన్నంతా తెచ్చి సిగరెట్ పెట్టె మీద అతికించారు. సిగరెట్టేమో సన్నం, పేరులో కూడా సన్నదనమే. స్వేచ్ఛ అమ్మేటప్పుడు పక్కనే ఒక కొలత కూడా అంటగట్టడం మీరు ఎప్పుడూ మర్చిపోరు. ఇదీ కొత్త కాదు. 1929 ఈస్టర్ ఊరేగింపులో న్యూయార్క్ వీధిలో యువతుల చేత సిగరెట్లు వెలిగింపజేసి వాటికి "స్వేచ్ఛా జ్యోతులు" అని పేరు పెట్టించినవాడు ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు, మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు మేనల్లుడు. డబ్బు పెట్టింది పొగాకు కంపెనీ. తీపి తినే బదులు మా సిగరెట్ తాగండి అని ఆడవాళ్ల నడుముల మీద కన్నేసి ప్రచారం చేస్తున్నదీ ఆ కంపెనీయే.

ఇక సెప్టెంబర్ 7, 1968. అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీ జరుగుతోంది. బయట కొన్ని వందల మంది ఆడవాళ్లు ఒక చెత్తడబ్బా పెట్టి, దానికి స్వేచ్ఛ పేరు తగిలించి, అందులో హై హీల్స్, అతికించుకునే కనురెప్పల వెంట్రుకలు, నడుము బిగించే పట్టీలు, బ్రాలు, మహిళా పత్రికలు, నేల తుడిచే గుడ్డలు పడేశారు. ఒక గొర్రెకు కిరీటం పెట్టారు. అక్కడ ఏదీ కాలలేదు. కాల్చే ఆలోచన ఉన్నా, చెక్క పలకలు పరిచిన ఆ దారి మీద మంట పెట్టడానికి వీల్లేదన్నారు, వాళ్లు సరేనని ఊరుకున్నారు. కానీ లోకానికి గుర్తున్నది "బ్రాలు కాల్చిన ఆడవాళ్లు" అనే. స్త్రీవాదం అనగానే ఇప్పటికీ ఆ జోకే. ఆ రోజు వాళ్లు అడిగిన ప్రశ్నలు మాత్రం ఎవరికీ గుర్తులేవు.

అదే రాత్రి, అదే ఊళ్లో, కాస్త దూరంలో ఇంకో పోటీ జరిగింది. మొదటి మిస్ బ్లాక్ అమెరికా. అప్పటిదాకా ఒక్క నల్లజాతి యువతి కూడా మిస్ అమెరికా వేదిక ఎక్కి పోటీ చేయలేదు, దానికి నిరసనగా పెట్టిన పోటీ అది. సాండ్రా విలియమ్స్ గెలిచింది. ఒకచోట మమ్మల్ని కొలవొద్దు అన్నారు. ఇంకోచోట, కొలిచేటట్టయితే మమ్మల్ని ఎందుకు వదిలేశారు అన్నారు. ఈ రెండింటిలో ఏది సరైందని నన్నడిగితే తడబడతాను. అందంగా లేవని ఎవరూ తనను ఎప్పుడూ పక్కన పెట్టని మనిషికి అందాన్ని చెత్తడబ్బాలో పడేయడం సులువు. నా రంగు గురించి చిన్నప్పటినుంచీ విన్న మాటలు నాకు గుర్తున్నాయి కాబట్టి రెండోవాళ్ల వైపు కాస్త మొగ్గుతాను. కానీ ఆ కిరీటాన్ని కూడా మీరే ఎత్తుకెళ్లారు. ఈ రోజు అన్ని రంగుల అమ్మాయిలూ మీ ప్రకటనల్లో ఉన్నారు. ఒక్కో రంగుకు ఒక్కో లోపం, ఒక్కో లోపానికి ఒక్కో సీసా.

మీలోనూ కోపంతో రాసినవాళ్లు లేకపోలేదు. 1970ల తొలినాళ్లలో ఇలాన్ స్పెక్ట్ అనే ఇరవై మూడేళ్ల కాపీ రచయిత్రి లోరియల్ హెయిర్ కలర్‌కు రాసిన వాక్యం మీ అందరికీ తెలుసు: "ఎందుకంటే నేను అంత విలువైనదాన్ని." గదిలో ఉన్న మగవాళ్లు ఆడదాన్ని చూడటానికి బాగుండే బొమ్మగా రాస్తుంటే ఒళ్లు మండి రాసిందట. ఆ వాక్యానికి నేను ఎప్పటికీ దణ్ణం పెడతాను. తర్వాత అందులోని "నేను" పోయి "మీరు" వచ్చింది. అనువాదకురాలిగా చెబుతున్నాను, మారింది ఒక్క సర్వనామమే కాదు. "నేను విలువైనదాన్ని" అనాలంటే ధైర్యం కావాలి. "మీరు విలువైనవారు" అనాలంటే బిల్లు పుస్తకం ఉంటే చాలు.

ఇప్పుడు నా షీట్ల నిండా స్త్రీవాదమే. ధైర్యం, ఆత్మవిశ్వాసం, నీలా నువ్వుండు, ఎవరికీ తలవంచకు. కింద చిన్న అక్షరాల్లో "నాలుగు వారాల్లో మచ్చలు తగ్గుతాయి". 2004లో డవ్ సబ్బు పేరు మీద నిజమైన అందం ప్రచారం మొదలుపెట్టి, మామూలు ఒళ్లున్న ఆడవాళ్లను హోర్డింగులకెక్కించింది యూనిలీవర్. మంచిదే, నాకూ నచ్చింది. 1975 నుంచి తెల్లదనం ఆశ చూపించి క్రీము అమ్ముతున్నదీ ఆ కంపెనీ కుటుంబమే. 2020లో ఆ క్రీము పేరులోంచి "ఫెయిర్" తీసేసి "గ్లో" పెట్టారు. ఆ గాలి అందరికీ తగిలింది. ఆ ఏడాది వేరే క్లయింట్ దగ్గర్నుంచి నాకో పాత షీట్ తిరిగొచ్చింది. "తెల్లని" అన్నచోటల్లా "కాంతివంతమైన" అని మార్చమన్నారు. ఫైండ్ అండ్ రీప్లేస్, రెండు నిమిషాల పని. ఫొటోలు మార్చలేదు. ఎడమ పక్క ముఖం దిగాలుగా ముదురు రంగులో, కుడి పక్క ముఖం నవ్వుతూ లేత రంగులో.

"మేం సమాజానికి అద్దం మాత్రమే, లేనిది పుట్టించం" అని మీటింగుల్లో మీరు అనగా చాలాసార్లు విన్నాను. ఫిజీ దీవుల్లో నద్రోగా ప్రాంతానికి టీవీ 1995లో వచ్చింది. ఒళ్లు నిండుగా ఉండటాన్ని మెచ్చుకునే సమాజం అది. ఆన్ బెకర్ అనే హార్వర్డ్ పరిశోధకురాలు టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి అక్కడి స్కూలు అమ్మాయిలతో మాట్లాడారు. చిన్న అధ్యయనమే, ఒక్కో విడతలో అరవై పైచిలుకు మంది. బరువు తగ్గడానికి తిన్నది కావాలని కక్కేసే అలవాటు మొదటిసారి ఒక్కరిలోనూ లేదు. మూడేళ్లకు 11.3 శాతం మందిలో కనబడింది. టీవీలో మీ ప్రకటనలే కాదు, సీరియళ్లూ వచ్చాయి, ఒప్పుకుంటాను. కానీ మూడేళ్ల కింద లేని ముఖాన్ని చూపించేదాన్ని అద్దం అని నేను అనలేను. 2021లో బయటపడ్డ ఫేస్‌బుక్ లోపలి కాగితాల్లో, ప్రతి ముగ్గురు టీనేజ్ అమ్మాయిల్లో ఒకరికి శరీరం గురించిన బాధను ఇన్‌స్టాగ్రామ్ ఇంకా పెంచుతోందని వాళ్ల సొంత పరిశోధకులే రాసుకున్నారు. ఇప్పుడు మీ బడ్జెట్లలో ఎక్కువ భాగం వెళ్తున్నది ఆ తెరలకే కదా.

మీ రెండో సమాధానం "ఎంపిక". కావాలనుకున్నవాళ్లు కొనుక్కుంటారు, మేమేం బలవంతం చేశామా అని. 2015లో లండన్‌లో నికోలా థార్ప్ ఫ్లాట్ చెప్పులతో రిసెప్షనిస్టు ఉద్యోగానికి మొదటిరోజు వెళ్తే, రెండు నుంచి నాలుగంగుళాల మడమలున్న చెప్పులు కొనుక్కురమ్మన్నారు. కుదరదంటే జీతం లేకుండా ఇంటికి పంపేశారు. ఆమె పెట్టిన పిటిషన్ మీద లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశారు, పార్లమెంటు కమిటీలు విచారణ జరిపాయి, చట్టం మాత్రం మారలేదు. 2019లో జపాన్‌లో యుమి ఇషికావా ఇదే గొడవ మొదలుపెట్టింది. వాళ్ల భాషలో చెప్పులకూ నొప్పికీ ఉన్న మాటలు దాదాపు ఒకేలా ఉంటాయట, ఆ రెండింటినీ కలిపి "కుటూ" అని ఉద్యమానికి పేరు పెట్టింది. భాషతో అలా కూడా పని చేయించవచ్చని చూసి నాకు అసూయ కలిగింది.

చెప్పుల సంగతి కంటికి కనబడుతుంది. కనబడనిది ఇంకోటుంది. జాక్లిన్ వాంగ్, ఆండ్రూ పెన్నర్ అనే సమాజ శాస్త్రవేత్తలు 2016లో అమెరికాలో వేలమంది జీతాల వివరాలు చూశారు. చూడ్డానికి బాగున్నారు అనిపించుకున్నవాళ్లకు దాదాపు 20 శాతం ఎక్కువ జీతం వస్తోంది. ఆడవాళ్ల విషయంలో ఆ తేడా దాదాపు మొత్తం పుట్టుకతో వచ్చిన రూపం వల్ల కాదు, తయారవడం వల్ల. మేకప్, జుట్టు, బట్టలు. అంటే పొద్దున్నే అద్దం ముందు గడిపే ఆ ముప్పావుగంట కూడా డ్యూటీయే, జీతం లేని డ్యూటీ, పైగా సామాన్లు సొంత ఖర్చు మీద. మానేస్తే కోత. దాన్ని ఎంపిక అంటే యూనిఫాం కూడా ఎంపికే.

లిప్‌స్టిక్ వేసుకునే ఆడది స్త్రీవాది కాదా అని ఎవరో ఒకరు అడుగుతారు. నేనూ వేసుకుంటాను, నాకిష్టం. వేసుకోని రోజు "ఏంటి, ఒంట్లో బాగాలేదా?" అని ముగ్గురు అడుగుతారు, అది ఇష్టం లేదు. మగవాళ్లకు కూడా ఇప్పుడు క్రీములు అమ్ముతున్నాం, కాబట్టి సమానత్వమే కదా అని మొన్న ఒక కుర్ర మేనేజర్ నాతో అన్నాడు. అబ్బాయిల గడ్డం మీద, పొట్ట మీద, ఎత్తు మీద మీరు రాస్తున్నవీ నా షీట్లకు వస్తున్నాయి. అందరికీ సమానంగా బెంగ పంచడాన్ని ఆడవాళ్లు ఎప్పుడూ అడగలేదు.

మరి ఏం చేయమంటావు, దుకాణం మూసుకోమంటావా అంటారు. వద్దు. సబ్బు అమ్మండి. మురికి పోతుందని చెప్పండి. ఎండకు పూసుకునేదాన్ని ఎండకు పూసుకునేదిగా అమ్మండి. రంగును రంగుగా అమ్మండి, ఎర్రగా ఉంటుంది, నాలుగు గంటలుంటుంది అని. నచ్చితే కొంటాం. అందరి ఒంటి మీదా ఉన్నదానికి రోగం పేరు పెట్టడం ఆపండి. ఫొటోలో నడుము నొక్కినా, చర్మం తుడిచినా ఆ మాట ఫొటో మీదే రాయండి. ఫ్రాన్స్‌లో 2017 నుంచి ఒంటి ఆకారం మార్చిన ఫొటోలకు, నార్వేలో 2022 నుంచి చర్మం మార్చినవాటికి కూడా ప్రకటనల్లో అలా రాయాలని చట్టమే ఉంది, అక్కడ మీ వ్యాపారాలేమీ మూతపడలేదు. ఇక స్వేచ్ఛ, ధైర్యం, ఆత్మగౌరవం అనే మాటలు మావి, మాకు వదిలేయండి. మాకు వాటితో వేరే పనులున్నాయి. పనికి సమాన జీతం అడగాలి, రాత్రి ఒంటరిగా ఇంటికి నడిచి రావాలి. ఆ మాటలన్నీ ఫేస్ వాష్ మీద అరిగిపోతే, నిజంగా కావాల్సిన రోజు నోట్లోంచి తీస్తే ప్రకటన చదివినట్టుంటుంది. నాకిప్పటికే అలా ఉంటోంది. పోయిన నెల ఒక సభలో ఒకామె "మన ఒంటి మీద మనకు హక్కుంది" అంటుంటే, నా బుర్ర దానికి ట్యాగ్‌లైన్ పొడవు ఎంతో లెక్కపెట్టింది.

నా వంతు సంగతి. మొన్న సోమవారం వచ్చిన షీట్‌లో నలభై వరుసలున్నాయి. పదిహేడో వరుసలో "హిప్ డిప్స్". తుంటి ఎముకకూ తొడ మొదలుకూ మధ్య పక్కనుంచి లోపలికి వంగినట్టుండే చోటు. కటి ఎముక ఆకారాన్ని బట్టి ఉంటుంది, వ్యాయామంతో ఎముక మారదు. దానికి క్రీము. పక్కన గమనిక: "దీనికి తెలుగులో వాడుక మాట లేదని తెలిసింది. ఆకట్టుకునేలా ఒకటి తయారు చేయగలరు."

చేయగలను. అరగంట కూర్చుంటే రెండు మూడు మంచి మాటలే తడతాయి, ఇన్నేళ్ల అలవాటు. మిగతా ముప్పై తొమ్మిది వరుసలకూ వంక పెట్టలేదు, ఇల్లు గడవాలి కాబట్టి. పదిహేడో వరుసలో కుడి గడి ఖాళీగా పంపుతున్నాను. బిల్లులో ఆ ఒక్క మాట తీసేసుకోండి.

ఇట్లు,
మీ అనువాదకురాలు